సరుకుకు చీటీ, మనిషికి బిళ్ల

కాలాపానీ కథలు – 17వ భాగం

గత వారం 1877 దగ్గర ఆగాం. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల తెల్లదొరలు కట్టించిన ‘అండమాన్ హోమ్’ల్లోకి తట్టు వ్యాధి జొరబడి, ఆ గాలి ఎన్నడూ సోకని ఆదివాసుల్ని గుంపులకు గుంపులుగా పొట్టన పెట్టుకుంది. ఈ వారం కథలో చావులు తక్కువ. తోరణాలు, బ్యాండు మేళాలు, పతకాలు ఎక్కువ. అయినా ఆ తట్టు సంగతి మనసులో ఓ మూల ఉంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

ముందుగా ఓ చెక్క ముక్క చూద్దాం. ద్వీపాంతరవాస శిక్ష మీద అండమాన్‌లో దిగిన ఖైదీ మెడకు ఓ ఇనుప కడియం, దానికి వేలాడుతూ ఓ చెక్క బిళ్ల ఉండేవి. బిళ్ల మీద అతని నంబరు, ఏ సెక్షను కింద శిక్ష పడిందో, ఎప్పుడు పడిందో, ఎప్పుడు తీరుతుందో రాసి ఉండేది. మనిషిని దూరం నుంచి చూసి చదివెయ్యచ్చు. పిలవడానికి నంబరు చాలు, పేరుతో పని లేదు.

1883లో అండమాన్‌లో అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడు పోర్ట్ బ్లెయిర్‌కు కూతవేటు దూరంలో ఉన్న చాతం అనే బుల్లి దీవి మీద ఆవిరి ఇంజనుతో నడిచే రంపపు మిల్లు పెట్టారు. మెడలో బిళ్లలు వేసుకున్న వాళ్లే అడవిలో చెట్లు కొట్టారు, మొద్దులు లాగారు, రంపం కిందికి తోశారు. ఆ ఏడు డిసెంబరు 4న కలకత్తాలో ఓ మహా ప్రదర్శన మొదలైంది. లోకంలోని నలుమూలల సరుకూ అక్కడికి చేరింది, ప్రతి సరుకుకూ ఓ చీటీ. ఈ చీటీకీ ఆ బిళ్లకూ మధ్య నడిచిన కథే ఈ వారం మన కథ. నడిపించిన వాళ్లలో ఇద్దరు ఫ్రెంచివాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లేలోగా ఓసారి పారిస్ వెళ్లి రావాలి.

ఎగ్జిబిషన్ అనే సంబరానికి పుట్టిల్లు పారిసే. మన నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైంది. దాని ముత్తాతకు ముత్తాత 1798 సెప్టెంబరులో సేన్ నది ఒడ్డున షాన్ ద మార్స్ మైదానంలో పుట్టింది. ఇప్పుడు ఈఫిల్ టవర్ నిలబడి ఉన్నది ఆ మైదానంలోనే. విప్లవం వచ్చి రాజు తల తెగింది, ఇంగ్లండుతో యుద్ధం నడుస్తోంది, ఫ్రాన్సు రేవులు మూతపడ్డాయి. ఆంతరంగిక శాఖ మంత్రి ఫ్రాంస్వా ద నెఫ్షాతోకు ఓ ఆలోచన తట్టింది. దేశంలో మంచి పనివాళ్లను ఓచోట కూర్చి, వాళ్లు చేసిన వస్తువుల్ని జనానికి చూపిస్తే? వచ్చినవాళ్లు 110 మంది. ఇంగ్లండు పరిశ్రమను గట్టిగా దెబ్బకొట్టే సరుకు చేసినవాడికి బంగారు పతకం ఇస్తామన్నారు. అంటే అది సంత కాదు, సగం యుద్ధం.

ఆ మొదటి ప్రదర్శనలో మన్నన పొందినవాళ్లలో నికొలా జాక్ కాంతే ఒకడు. పెన్సిలులో పెట్టే మేలురకం నల్లసీసం ఇంగ్లండు నుంచి రావాలి, యుద్ధంతో రాక ఆగింది. ఆయన ఏం చేశాడంటే, దొరికిన నాసిరకం సీసాన్ని పొడి కొట్టి, బంకమట్టి కలిపి, కడ్డీలు చేసి కాల్చాడు. మట్టి ఎక్కువైతే పెన్సిలు గట్టిగా, తక్కువైతే మెత్తగా వస్తుంది. 1795లో దానికి హక్కుపత్రం పుచ్చుకున్నాడు. ఈ పూట మీ పిల్లవాడు చెక్కుకుంటున్న పెన్సిలు ఆ కిటుకుతో చేసిందే.

మూడేళ్ల తర్వాత, 1801లో జరిగిన రెండో ప్రదర్శనలో లియాన్ నేతగాడు జోసెఫ్ మరీ జాకార్ తన మగ్గం పెట్టాడు. దక్కింది కంచు పతకమే. తర్వాత దాన్ని మెరుగుపరచి, చిల్లులు పొడిచిన అట్టలతో పడుగు దారాలు వాటంతటవే లేచే మగ్గం చేశాడు. ధర్మవరంలో ఏ నేత ఇంటికి వెళ్లినా మగ్గం నెత్తిన ఆ అట్టల దండ కనిపిస్తుంది. ‘జాకార్డు’ అంటారు. అది ఓ మనిషి పేరని వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు, కాని రోజూ పలుకుతారు. రెండు వందల ఏళ్లుగా ఒక ఫ్రెంచి నేతగాడి పేరు తెలుగు నేతగాళ్ల నోట బతికే ఉంది.

1855 పారిస్ మహాప్రదర్శన నాటికి ఈ సంబరం ప్రపంచమంత అయింది. అక్కడ జనం ఎగబడి చూసినవాటిలో తెల్లగా మెరిసే ఓ లోహపు కడ్డీ ఉంది. సెంట్ క్లేర్ దెవిల్ అనే రసాయన శాస్త్రవేత్త తీసిన అల్యూమినియం. మట్టిలోంచి తీసిన వెండి అని దాన్ని చెప్పుకున్నారు. అప్పట్లో అది నిజంగానే వెండితో పోటీపడే ఖరీదు. తర్వాత ధర పడిపోయి మన వంటింట్లోకి వచ్చింది, కాని పాత గొప్ప మాత్రం పేరులో మిగిలిపోయింది. మన ఇళ్లలో దాన్ని ఇప్పటికీ ‘సిల్వరు గిన్నె’ అనే అంటున్నాం కదా!

ఈ ముగ్గురి సంగతీ ఎందుకు చెప్పానంటే, వీళ్ల పేర్లు మనకు తెలుసు. పారిస్ ప్రదర్శనల పద్ధతే అది. సరుకు పక్కన చేసినవాడి పేరు, ఊరు, ఏం కనిపెట్టాడో ఆ వివరం. పతకం పేరు మీదే వస్తుంది. పట్టిక అచ్చువేస్తే పేరు వరసలోనే వేస్తారు. ఓ చిన్న గుండీల తయారీదారుకు కూడా చీటీ మీద తన పేరు చూసుకునే భాగ్యం ఉండేది. మరి 1851లో లండన్ ప్రదర్శనకు కట్టిన గాజు మేడలో మన వరంగల్ తివాచీలు పరిచారు. అందరూ మెచ్చుకున్నారు. నేసిన చెయ్యి ఎవరిది? ‘వరంగల్’ అన్న ఊరి పేరు చరిత్రకెక్కింది, నేసినవాడి పేరు ఎక్కలేదు. వలస దేశపు సరుకుకు ఊరుంటుంది, మనిషి ఉండడు. అండమాన్ వంతు వచ్చేసరికి ఊరూ పోయి దీవి పేరే మిగిలింది.

ఇప్పుడు మన మొదటి ఫ్రెంచివాడు. 1857 తిరుగుబాటులో పట్టుబడ్డ ఖైదీలను ఎక్కడ పడెయ్యాలో కుంపిణీ ప్రభుత్వానికి దిక్కుతోచలేదు. ఆ ఏడు నవంబరులో ‘ప్లూటో’ అనే పొగ ఓడ మీద ముగ్గురు సభ్యుల కమిటీని అండమాన్‌కు పంపింది. నాయకుడు డాక్టర్ ఫ్రెడరిక్ మౌట్, తోడు ప్లేఫెయిర్, హీత్‌కోట్. వాళ్లతోపాటు కలకత్తాలో ఉంటున్న ఓస్కార్ మాలీత్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కూడా ఓడ ఎక్కాడు. దాగేర్ కనిపెట్టిన విద్యను ఫ్రాన్సు ప్రభుత్వం లోకానికి వెల్లడించింది 1839లో. పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి ఆ విద్య గాజు పలకలతో, మందు సీసాలతో, చీకటి గుడారంతో అండమాన్ ఒడ్డుకు చేరింది. ఆ ఉక్కపోతలో, ఆ ఉప్పుగాలిలో కెమెరాతో వేగడం ఎంత తిప్పలో ఊహించుకోవచ్చు.

కమిటీ దీవులన్నీ చుట్టబెట్టి తిరిగి వస్తూ, 1858 జనవరిలో ఇంటర్వ్యూ దీవి దగ్గర ఆదివాసులతో ఘర్షణ పడింది. బాణాలు, తుపాకులు, ఇరుపక్కలా గాయాలు. ఒక యువకుణ్ణి పట్టి ఓడలోకి ఎక్కించారు. నావికులు అతనికి ‘జాక్’ అని పేరు పెట్టారు. నావికుల బట్టలు తొడిగారు. కలకత్తాలో మౌట్ ఇంట్లో ఉంచితే, చూడ్డానికి జనం విరగబడ్డారు. లాట్ సాహెబు కానింగ్ దంపతులకూ చూపించారు. కెమెరా ముందు నిలబెట్టి ఫొటో తీశారు. కొన్నాళ్లకే అతను జబ్బుపడ్డాడు. ఇక బతకడేమోనన్న భయంతో ఓడలో తీసుకెళ్లి, కొన్ని కానుకలతో పట్టుకున్న దీవి ఒడ్డునే దింపి వచ్చారు.

ఇది ఎగ్జిబిషన్ కాదు. గుడారం లేదు, టికెట్టు లేదు. కాని ప్రదర్శన అంటే ఏమిటో దీని కంటే స్పష్టంగా చెప్పే ఘటన నాకు కనబడలేదు. ‘నీ పేరేమిటి?’ అని అడగడానికి సరిపడా అతని భాష ఆ మహానగరంలో ఒక్కరికీ రాదు. అందుకని తమకు నోరు తిరిగే పేరు పెట్టి సర్దుకున్నారు. ఫొటో కింద, రాతల్లో, అన్నిచోట్లా అదే చీటీ.

కమిటీ సలహా ప్రకారం 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. మొట్టమొదట అడుగుపెట్టి చెట్లు కొట్టడం మొదలుపెట్టింది చాతం దీవి మీదే. అక్కడికి పాతికేళ్ల తర్వాత రంపపు మిల్లూ అక్కడే వెలిసింది.

రెండో ఫ్రెంచివాడు జూల్ జుబేర్. 1824లో ఆంగులేమ్‌లో పుట్టాడు, కుర్రతనంలోనే ఆస్ట్రేలియా చేరాడు. సిడ్నీలో ఫ్రెంచి కాన్సల్ కార్యాలయంలో గుమాస్తాగిరీ, బంగారం వేటలో వ్యాపారం, సిడ్నీ శివారు హంటర్స్ హిల్‌లో రాతి ఇళ్ల కట్టుబడి, ఆ ఊరి పురపాలక సంఘానికి తొలి అధ్యక్షత, ఆ పైన దివాలా. మనలో ‘ఏడు వృత్తులు, పద్నాలుగు తిప్పలు’ పడ్డ మనిషి అనదగ్గవాడు. చివరికి న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ సంఘానికి కార్యదర్శి అయ్యాక తన అసలు విద్య ఏమిటో తెలుసుకున్నాడు. అది ఎగ్జిబిషన్లు పెట్టడం. ట్వోపెనీ అనే భాగస్వామితో కలిసి 1881లో పెర్త్‌లో, 1882లో న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో పెట్టాడు. ఊళ్లు తిరిగే నాటక కంపెనీ లాగా ఊళ్లు తిరిగే ఎగ్జిబిషన్ కంపెనీ. తర్వాత చూపు కలకత్తా మీద పడింది.

బెంగాల్ ప్రభుత్వం ఒప్పుకుంది. చౌరంఘీ వీధికి ఒక పక్క ఇండియన్ మ్యూజియం, ఇంకో పక్క మైదానం. ఆ రెంటినీ కలుపుకుని ప్రదర్శన కట్టారు. 1883 డిసెంబరు 4న వైస్రాయి రిప్పన్ ప్రారంభించాడు, విక్టోరియా రాణి కొడుకు కనాట్ డ్యూక్ సతీసమేతంగా వచ్చాడు. ఊళ్లో అప్పుడు ఇల్బర్ట్ బిల్లు గొడవ భగ్గుమంటోంది. నల్ల జడ్జి తెల్లవాణ్ణి విచారించవచ్చా అని తెల్లవాళ్లు సభలు పెట్టి రిప్పన్‌ను తిట్టిపోస్తున్న రోజులు. బయట అలా కొట్టుకుంటున్నవాళ్లే లోపలికొచ్చి ఒకే వరసలో నిలబడి వస్తువులు చూశారు. మూడు నెలల్లో దాదాపు పది లక్షల మంది వచ్చారని లెక్క. 1884 మార్చి 10న మూసేశారు. మార్చి 10 అంటే, పైన చెప్పుకున్నాం, వాకర్ ఖైదీలతో దిగిన రోజు. ఇందులో పరమార్థం ఏమీ లేదు, కాకతాళీయం. చరిత్ర చదివేవాడికి ఇలాంటివి దొరికితే ఓ చిన్న సంతోషం, అంతే.

ఆ ప్రదర్శనకు ఫ్రాన్సు సరుకూ వచ్చింది, ఆస్ట్రేలియా వలసల సరుకూ వచ్చింది. మన దేశపు రాష్ట్రాల వరసలో అండమాన్ నికోబార్ దీవులదీ ఒక వాటా. అప్పట్లో దీవుల నుంచి ప్రదర్శనలకూ మ్యూజియాలకూ వెళ్లిన సరుకు మూడు రకాలు: అడవి కలప, ఆదివాసుల వస్తువులు, ఆదివాసుల బొమ్మలు.

కలప దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇది మన బంధువుల కథ. 1878 పారిస్ ప్రదర్శనకు భారత అటవీ శాఖ దేశమంతటి కలప నమూనాలు పోగుచేసి పంపింది. ఆ నమూనాల పట్టిక తయారీలో పాలుపంచుకున్న జె. ఎస్. గాంబుల్ అనే అటవీ అధికారి ఆ పరిశోధననే పెంచి 1881లో భారతీయ కలపల మీద పెద్ద పుస్తకం వేశాడు. తర్వాత ఆయన మద్రాసు రాజధానిలో అడవుల కన్సర్వేటరుగా పనిచేశాడు. మన తూర్పు కనుమల చెట్లకు ఆయన తెలిసినంతగా ఇంకో దొర తెలియడు. ఆ పుస్తకంలో అండమాన్ పడౌక్ గురించి చదువుతుంటే మనకు తెలిసిన ముఖమే కనిపిస్తుంది. శేషాచలం ఎర్రచందనం, మన్యంలో వేగిస, అండమాన్ పడౌక్, ఈ మూడూ ఒకే తల్లి బిడ్డలు. శాస్త్రంలో ముగ్గురికీ ఇంటిపేరు టెరోకార్పస్. కోసినప్పుడు నెత్తురు రంగులో ఉండి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరగడం పడౌక్ గుణం. చెట్టు మొదట్లో గోడల్లా లేచే వేరు పలకల్లోంచి అతుకు లేకుండా ఒకే చెక్కగా బల్ల పైభాగం తీసేవారు. ఇక ‘కోకో’ పేరుతో అమ్మిన కలప మరేదో కాదు, మన దిరిసెన. నల్లచారల మార్బుల్ వుడ్ మన బీడీ ఆకు చెట్టు తుమికికి దాయాది.

మొన్న చాతం మిల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు రంపపు పొట్టు వాసనకే ఈ చుట్టరికం తెలిసిపోయింది. చిన్నప్పుడు మా ఊరి వడ్రంగి కొట్టంలో వేగిస చెక్క చిత్రికపడుతుంటే వచ్చిన వాసన అది.

రెండో రకం సరుకు, ఆదివాసుల వస్తువులు. వీటిని పోగుచేసినవాడు ఎడ్వర్డ్ హొరేస్ మ్యాన్. 1869లో అండమాన్ వచ్చాడు, 1875 నుంచి నాలుగేళ్లు అండమాన్ హోమ్‌లకు అధికారి. తట్టు వచ్చింది ఆయన ఏలుబడిలోనే. ఆ చావుల మధ్యనే కూర్చుని అకా-బియా భాష నేర్చుకున్నాడు, వస్తువులు పోగుచేశాడు, కొలిచాడు, రాశాడు. 1878లోనే ఆయన పంపిన పెట్టెల మీద లండన్‌లో లేన్ ఫాక్స్ ఓ వ్యాసం చదివాడు. ఆ లేన్ ఫాక్సే తర్వాత పిట్ రివర్స్ అయ్యాడు, ఆయన సేకరణే ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం అయింది. మ్యాన్ పద్ధతిగల మనిషి. ఏ వస్తువు దేనితో చేస్తారు, ఎవరు చేస్తారు, ఆడవాళ్లా మగవాళ్లా, దాన్ని ఏ మాటతో పిలుస్తారు, అన్నీ రాశాడు. అండమానీలు నరమాంసం తింటారన్న పాత కట్టుకథను గట్టిగా కొట్టేసినవాడూ ఆయనే.

ఆ పెట్టెల్లో ఏముండేవి? నాటిలస్ గవ్వ దొప్పలు. కత్తిలా వాడే ఆల్చిప్ప ముక్కలు. తాబేలు కొవ్వులో కలిపే ఎర్రమట్టి. చనిపోయిన ఆత్మీయుల ఎముకలు కూర్చిన దండలు. నికోబార్ నుంచి అయితే దయ్యాల్ని బెదిరించడానికి ఇంట్లో పెట్టుకునే ‘హెంటకోయ్’ చెక్క బొమ్మలు, పడవ నమూనాలు. వీటన్నిటిలోకీ నన్ను కట్టిపడేసింది పంది బాణం.

అండమానీలకు కుక్కలు లేవు, తెల్లవాళ్లు వచ్చాకే వచ్చాయి. దట్టమైన అడవి, పది బారలు దాటితే చూపు ఆనదు. బాణం తగిలిన పంది అక్కడే పడిపోదు, పొదల్లోకి దూరి పోతుంది, పోయిందంటే దొరకదు. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, బాణం ములుకును కర్రకు గట్టిగా బిగించరు. కర్ర కొసన గూటిలో ఊరికే దూర్చి, ములుకునూ కర్రనూ ఓ తాడుతో కలిపి ఆ తాడును కర్రకు చుట్టి ఉంచుతారు. బాణం దిగగానే ముళ్లున్న ములుకు మాంసంలో ఇరుక్కుంటుంది. పంది దౌడు తీస్తుంటే కర్ర గూటిలోంచి ఊడి, తాడు విప్పుకుంటూ వెనకాలే ఈడ్చుకుపోయి ఏదో పొదలో అడ్డం పడుతుంది. పంది అక్కడ కట్టుగొయ్యకు కట్టినట్టు ఆగిపోతుంది. వేటగాడు తాపీగా వెళ్లి పని ముగిస్తాడు. ఆ ములుకుకు ఇనుము ఎక్కడిది? గనులు లేవు, కొలిమి లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల శిథిలాల్లోంచి మేకులు, పట్టీలు పీకి, కాల్చకుండానే రాయితో సాగగొట్టి పదును పెట్టుకునేవారు.

కాంతే పెన్సిలుకు హక్కుపత్రం ఇచ్చిన పారిస్ అధికారి ఎవరైనా దీన్ని చూసి ఉంటే తప్పకుండా పతకం ఇచ్చేవాడు. సరుకు కొరత వచ్చినప్పుడు దొరికినదానితో మేలైనది చెయ్యడమే కాంతే చేసింది. వీళ్లు చేసిందీ అదే. తేడా అల్లా చీటీలో. పంది బాణం చీటీ మీద దాని పేరు ఉంటుంది, దీవి పేరు ఉంటుంది, పంపిన దొర పేరు ఉంటుంది. ఎగ్జిబిషన్ భాషలో ‘ప్రదర్శకుడు’ అంటే ఆ దొరే. పతకం వచ్చినా ఆయనకే. తాడు పేనిన ఆడమనిషి, ములుకు సాగగొట్టిన మగమనిషి ఆ లెక్కలోకి రారు. వాళ్లు చేసేవాళ్లు కారు, వాళ్లూ సరుకులో భాగమే.

మ్యాన్ చెడ్డవాడని నేననను. ఆ వస్తువుల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో సగం ఆయన చలవే. కాని అంత ఓపికగా వస్తువు పేరు, దాని ముక్కముక్క పేరు అడిగినవాడు చేసినవాడి పేరు కూడా పక్కనే రాసి ఉంటే, పట్టేది ఇంకో మాటే కదా.

ఇక్కడ న్యాయంగా ఒక విషయం చెప్పాలి. మ్యాన్ తర్వాత ఆ పనికి వచ్చిన మారిస్ విడాల్ పోర్ట్‌మన్, 1890ల్లో బ్రిటిష్ మ్యూజియం కోసం సంపుటాలకొద్దీ ఫొటోలు తీశాడు. విల్లు చెక్కడం, బాణం కట్టడం, ఒక్కో పనిని మెట్టుమెట్టుగా చూపించాడు. మనుషుల్ని వెనక గళ్ల తెర పెట్టి నిలబెట్టి, ముందు నుంచి, పక్క నుంచి తీశాడు. ఈ రెండో రకం ఫొటోల కింద పేర్లున్నాయి. అంటే పేరు అడగడం వాళ్లకు రాక కాదు. శరీరాన్ని కొలిచేటప్పుడు పేరు కావాలి, పనితనాన్ని చూపేటప్పుడు అక్కర్లేదు.

మూడో రకం సరుకు, బొమ్మలు. 1886 మే 4న లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా రాణి వలస రాజ్యాల, భారతదేశపు ప్రదర్శనను ప్రారంభించింది. చూసినవాళ్లు 55 లక్షలు. భారత విభాగంలో నిలువెత్తు మట్టి మనుషుల్ని నిలబెట్టారు, వాళ్లలో అండమానీలు, నికోబారీలు ఉన్నారు. చేసినవాడు బెంగాల్ కృష్ణనగర్‌కు చెందిన జదునాథ్ పాల్. ఆయన మన కొండపల్లి వాళ్లలాగే తరతరాల బొమ్మల పనివాడు. ఎగ్జిబిషన్లలో పేరూ పతకాలూ తెచ్చుకున్న కొద్దిమంది దేశీ పనివాళ్లలో ఆయన ఒకడు. మట్టి మలిచినవాడి పేరు నిలిచింది. ఆ మట్టి ఎవరి పోలికో వాళ్ల పేరు నిలవలేదు.

అదే ప్రదర్శనలో ఓ పెరట్లో ప్రాణమున్న పనివాళ్లనూ కూర్చోబెట్టారు. 34 మంది నేతగాళ్లు, కుమ్మర్లు, చెక్కడం పనివాళ్లు. రోజంతా జనం చూస్తుండగా పనిచెయ్యాలి. ‘తాతల నాటి విద్య’ అని లండన్ పత్రికలు మురిసిపోయాయి. అసలు సంగతి, వాళ్లలో చాలామంది ఆగ్రా జైల్లో ఖైదీలుగా ఆ పని నేర్చుకున్నవాళ్లు. తీసుకెళ్లింది ఆ జైలు సూపరింటెండెంటు డాక్టర్ టైలర్. మరుసటేడు రాణిగారికి నౌకరుగా వెళ్లి ‘మున్షీ’ అయిపోయిన అబ్దుల్ కరీం కూడా ఆ జైలు గుమాస్తానే. వృద్ధ కుమ్మరి బక్షీరామ్ ముఖం రాణికి నచ్చి, స్వొబోడా అనే చిత్రకారుడితో బొమ్మ గీయించుకుంది. అలా ఆయనకు ఓ చీటీ దక్కింది, మీద పేరుతో సహా.

జైలుకూ ఎగ్జిబిషన్‌కూ చుట్టరికం అక్కడ బట్టబయలైంది. ఆగ్రా ఖైదీ లండన్‌లో తివాచీ నేస్తూ కనబడ్డాడు. అండమాన్ ఖైదీ కనబడలేదు. అతను కోసిన పడౌక్ మాత్రమే కనబడింది.

ఇంకో నాలుగేళ్లకు, 1890లో, కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ నుంచి పారిపోయిన ఖైదీ ఒకణ్ణి పెట్టాడు. వాడి వెంట టోంగా అనే అండమానీ. లండన్‌లో పొట్టపోసుకోవడానికి ఆ ఖైదీ టోంగాను తిరునాళ్లలో ‘నల్ల నరభక్షకుడు’ అని చూపించి డబ్బులు వసూలు చేస్తాడు. మ్యాన్ వ్యాసాలు అచ్చయి ఏడేళ్లయినా ఆ పాత కట్టుకథకు ఏమీ కాలేదు. పది వ్యాసాలు కొట్టేసిన అబద్ధాన్ని ఒక్క నవల మళ్లీ బతికించింది. అయితే ఒక్కచోట డాయిల్ కల్పన నిజాన్ని తాకింది. ఖైదీకీ ఆదివాసికీ బయటి ప్రపంచంలో దొరికే బతుకు ఒక్కటే, ఒకరు చూపించడం, ఇంకొకరు కనబడటం.

ప్రదర్శనల పుణ్యమా అని పడౌక్‌కు గిరాకీ పెరిగింది. ఓడలెక్కి ఇంగ్లండు పోయింది, అమెరికా పోయింది. అక్కడ పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో లోపలి పనికి ఆ ఎర్రచెక్క వాడారు. చికాగో నుంచి న్యూయార్క్ పోయే షావుకారు వీపు ఆన్చింది ఆ చెక్కకే అయితే, దాన్ని కోసినవాడి మెడలోనూ ఓ చెక్కే వేలాడుతోంది. రెండూ అడవి చెక్కలే.

ఇక ఆ తట్టు సంగతి. 1858లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు, తట్టు లాంటి జబ్బులకు రాలిపోగా, 1901 జనాభా లెక్కల్లో 625 మంది తేలారు. 1931లో 90. అకా-బియా మాట్లాడేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆ భాషలో విల్లును ఏమంటారో తెలియాలంటే ఇప్పుడు మ్యాన్ లాంటివాళ్ల పుస్తకాలే దిక్కు. లండన్, ఆక్స్‌ఫర్డ్ అద్దాల బీరువాల్లో మాత్రం వాళ్ల విల్లులు చెదలు పట్టకుండా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చీటీతో.

చాతం మిల్లు ఇంకా నడుస్తోంది. 1942లో జపాన్ వాళ్లు వేసిన బాంబు గొయ్యి అక్కడే చూపిస్తారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే శ్రీకాకుళం యాస, విశాఖ యాస చెవిన పడతాయి, కాసేపు దీవిలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. వీళ్లు బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. వీళ్ల కంటే చాలా ముందు, బిళ్లలతో వచ్చిన తెలుగువాళ్లున్నారు. 1879లో గోదావరి మన్యంలో లేచిన రంప తిరుగుబాటు అణిగాక, పట్టుబడ్డవాళ్లలో కొందరికి ద్వీపాంతరవాసం పడింది.

ఈ వారం చాతం రంపం కథ. వచ్చే వారం రంప కథ.